ట్రయల్ అడిగిన నిఖత్



నిజామాబాద్ బిడ్డ, బాక్సర్ నిఖత్ జరీన్ 2022, 2023లలో ప్రపంచ విజేత. అది అందరికీ తెలుసు. మేము 2019 సంగతి చెప్తాం. టోక్యో ఒలింపిక్స్ అర్హత పోటీలకు ట్రయల్ లేకుండానే మేరీ కోమ్‌ను పంపుతారన్న మాట వచ్చింది. మేరీ కోమ్ మణిపూర్ గిరిజన బిడ్డ, ఆరుసార్లు ప్రపంచ విజేత. ఆమె అంటే మాకూ ఎంతో గౌరవం. అయినా నిఖత్ కేంద్ర క్రీడల మంత్రికి లేఖ రాసి ట్రయల్ అడిగింది. డిసెంబర్‌లో పెట్టారు. 9-1తో ఓడింది. ఆటను మాత్రం వదల్లేదు. 2024లో పారిస్ ఒలింపిక్స్‌కు పోయింది. అక్కడ పతకం రాలేదని పెదవి విరిచినోళ్లున్నారు, విరవనీయండి.

మన తండాల్లో పదో తరగతి కాగానే ఆడపిల్లకు పెళ్లి మాట ఎత్తుతున్నాం. వాళ్లలో ఎవరైనా ట్రయల్‌కు పోతానంటే ఆపకండి. బస్సు ఛార్జీలు సంఘం తరఫున మేమిస్తాం.