మోటారు పెట్టె దగ్గర మన అలవాటు



ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారని మన పెద్దలు చెప్పిన సామెత. మనుషుల సావాసమే కాదు, మన చుట్టూ ఉండే వస్తువుల సావాసం కూడా అటువంటిదే. రోజూ కంటికి ఏది కనబడుతుందో, చేతికి ఏది అందుతుందో, మన నడవడి దాని వెంటనే పోతుంది. ఈ సంగతి బోరుబావి కింద వరి పండించే రైతు విషయంలో ఎట్లా ఉన్నదో ఈవేళ చూద్దాం.

మోట తోలిన రోజులు మీలో పెద్దవారికి జ్ఞాపకం ఉండే ఉంటాయి. ఆనాడు నీరు పొదుపు చేయమని ఎవరూ ఉపన్యాసాలు చెప్పలేదు. ఎద్దుల నోట నురగ వస్తే మోట ఆగేది. మడి తడిసిందా లేదా అని రైతు కాలువ వెంబడి నడచి చూసుకొనేవాడు. బావిలో నీరు ఎన్ని మెట్లు దిగిందో రోజూ కళ్ళకు కనబడేది. ఆనాటి రైతు మనకంటే బుద్ధిమంతుడని కాదు. ఆ బావి, ఆ ఎద్దులు, ఆ మెట్లు అతనికి పొదుపు నేర్పినవి.

బోరు వచ్చినది, మెట్లు పోయినవి. నీరు 200 అడుగుల లోతున ఉన్నదో, 300 అడుగుల లోతున ఉన్నదో పైన నిలబడిన మనిషికి తెలియదు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చినది. రైతుకు అది పెద్ద ఊరటే, కాదనడానికి లేదు. అయితే ఆ కరెంటు విడతలు విడతలుగా, తరచు రాత్రివేళ వచ్చేది. అందుచేత చాలా మోటార్లకు ఆటో స్టార్టరు బిగించారు. కరెంటు వచ్చిన క్షణాన మోటారు దానంతటదే తిరిగేది, పోయేవరకు ఆగేది కాదు. మడి నిండి గట్టు పొర్లినా సరే.

ఆ రోజుల్లో నేను ఊరూరా తిరిగి, నీరు వృథా చేయకండని చెప్పేవాణ్ణి. అందరూ తల ఊపేవారు. ఒకనాడు ఒక పెద్దాయన మాత్రం లేచి, "అయ్యా, మీ మాట నిజమే. కరెంటు రాత్రి రెండు గంటలకు వస్తది. చేను గట్టున పాములుంటయి, తడి చేత్తో పెట్టె ముడితే షాకు కొడుతది. నా కొడుకును పంపమంటారా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేకపోయింది. రాత్రిపూట మోటారు వేయబోయి ప్రాణాలు పోగొట్టుకొన్న వారిని మనం ఎరుగుదుం. ఆటో స్టార్టరు సోమరితనం వల్ల పుట్టినది కాదు, భయం వల్ల పుట్టినది. ఆ సంగతి తెలుసుకోకుండా రైతును తిట్టి లాభం లేదు.

2018 జనవరి 1 నుండి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్ సరఫరా మొదలైనది. ఆటో స్టార్టర్లు తీసివేయండని అప్పుడు ప్రభుత్వమే రైతులను కోరింది. పెట్టె అక్కడే వేలాడుతూ ఉంటే అలవాటు కూడా అక్కడే ఉంటుంది. భయం పోయినా అలవాటు పోలేదు. మనం నీరు తోడేకొద్దీ పక్క బోరు ఎండుతుంది, తరువాత మనది ఎండుతుంది. కొత్త బోరుకు అప్పు చేయాలి. నీరు పడకపోతే అప్పు మాత్రం మిగులుతుంది. ఈ దుఃఖం మీకు నేను చెప్పనక్కరలేదు.

మరి చేయవలసినది ఏమిటి? చూపు ఎదుటి నుండి పోయిన దానిని తిరిగి చూపు ఎదుటికి తేవాలి.

ఇది ఒకసారి జరిగిన పనే. 2003 తరువాత కొన్ని సంవత్సరాలపాటు, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాలలో ఒక పథకం నడిచినది. రైతులే వానను కొలిచారు, బోర్లలో నీటిమట్టం కొలిచారు, ఆ లెక్కలను ఊరిలో బోర్డు మీద వ్రాశారు. రబీకి ముందు అందరూ కూర్చుండి, ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసినదెంత అని లెక్క కట్టారు. ఫలానా పంట వేయవద్దని ఎవరూ ఆజ్ఞాపించలేదు. అయినా చాలామంది వరి తగ్గించి, తక్కువ నీటి పంటలకు మళ్ళారు. పోయిన బావి మెట్లు బోర్డు రూపంలో తిరిగి వచ్చినవన్నమాట.

మీ పొలంలో మీరు ఒక్కరే చేయదగిన పని ఇంకొకటి ఉన్నది. ఒక అడుగు పొడవు, నాలుగు నుండి ఆరు అంగుళాల వెడల్పు గల ప్లాస్టిక్ గొట్టం ముక్క తీసుకోండి. కింది సగానికి చుట్టూ చిన్న చిన్న రంధ్రాలు పెట్టండి. ఆ సగం నేలలోకి దిగేటట్లు, గట్టుకు దగ్గరగా, చదునైన చోట పాతి, లోపలి మట్టి తీసివేయండి. నాట్లు వేసిన రెండు వారాల తరువాత, గొట్టంలో నీరు నేలమట్టానికి ఆరు అంగుళాలు కిందికి దిగినప్పుడే మళ్ళీ రెండు అంగుళాల నీరు పెట్టండి. కలుపు ఎక్కువగా ఉంటే మరి కొన్నాళ్ళు ఆగి మొదలుపెట్టండి. పూతకు వారం ముందు నుండి వారం తరువాత వరకు మాత్రం నీరు నిలువ ఉండాలి. నల్లరేగడి నేలను పెద్ద నెర్రెలు విచ్చేదాకా ఆరనీయరాదు. చవుడు నేలలకు ఈ పద్ధతి పనికిరాదు. జాగ్రత్తగా చేస్తే దిగుబడి తగ్గకుండా నూటికి 30 వంతుల దాకా నీరు మిగలవచ్చునని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ చెప్పుచున్నది.

గొట్టం పాతిన రోజే ఆటో స్టార్టరు కూడా విప్పించండి. తెలిసిన మనిషిచేతనే, కరెంటు ఆపి విప్పించాలి సుమా! రెండూ ఒకేసారి జరిగితేనే ఫలితం. పెట్టె ఉండగా గొట్టం చూసేవాడు ఉండడు.

విస్తరణ పనిలో ఉన్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక్క మాట. రైతు మీ మాట వినలేదని విసుక్కొనే ముందు, ఒకసారి అతని మోటారు దగ్గరకు పోయి నిలబడండి. కరెంటు ఎప్పుడు వస్తుంది, దారి ఎట్లా ఉన్నది, పెట్టె ఎక్కడ ఉన్నది, చూడండి. అతడు అట్లా ఎందుకు చేస్తున్నాడో అక్కడే తెలుస్తుంది. మార్చవలసినది ఏమిటో కూడా అక్కడే తెలుస్తుంది.

రేపు ఉదయం చేనికి పోయినప్పుడు మీ మోటారు పెట్టెను ఒక్కసారి పరకాయించి చూడండి. దానిని మీరు నడుపుతున్నారా, అది మిమ్ములను నడుపుతున్నదా? ఆలోచించండి. సెలవు.