పన్ను నిలువవలెనన్న

పంటిపోటుతో రాత్రియంతయు మేలుకొన్నవారు శ్రోతలలో అనేకులుందురు. తెల్లవారగానే పన్ను పీకించుకొనవలెనని తోచుట సహజమే. కాని పీకకుండ, రూట్ కెనాల్ చికిత్సచే దానిని నిలుపవచ్చును. అట్లు నిలిచిన పన్ను ఎంతకాలము మన్నునన్నది, వేరులో మిగిలిన గోడపై చాలవరకు ఆధారపడియుండును. ఈ పూట ఆ గోడను గురించి ముచ్చటింతుము.

ఆ గోడ పేరు డెంటిన్. దాని నడుమనున్న సన్నని నాళములో గుజ్జు, నరము ఉండును. గుజ్జు చెడినప్పుడు వైద్యుడు ఫైళ్లనెడు సన్నని ఆకురాళ్లతో నాళమును గీకి, మందునీటితో కడిగి, పూడ్చును. ఇది నూతిలో పూడిక తీయుట వంటిది. పూడిక తీయవచ్చినవాడు ఒరలను కూడ చెక్కివేసినచో నీరు తేటపడును గాని నుయ్యి నిలువదు.

ఫైళ్లన్నియు ఒక్క తీరున చెక్కవు. ఇరువదియైదవ నంబరు ఫైలు కొన 0.25 మిల్లీమీటరు. చేతితో త్రిప్పు సామాన్యపు ఉక్కు ఫైలు, మిల్లీమీటరుకు 0.02 చొప్పున లావెక్కి, కొనకు 10 మిల్లీమీటర్ల పైన 0.45 అగును. 0.06 చొప్పున లావెక్కునది అచ్చటనే 0.85 అగును. క్రింది దవడపంటి ముందువేరులో, వేర్లు చీలు వైపున, గోడ మందము సుమారు 1 మిల్లీమీటరే. అచ్చట ఈ భేదము స్వల్పము కాదు.

ఉక్కు బిరుసైనది. వంపు నాళములో లావుపాటి ఉక్కు ఫైలు నిటారు కాజూచి, ఒక ప్రక్కనే ఎక్కువగా కోయును. ఒక్కొక్కప్పుడు గోడకు చిల్లియే పడును. 1988లో అమెరికాలో వాలియా ప్రభృతులు నికెల్-టైటానియం తీగతో చేసిన ఫైళ్లను పరీక్షించి ప్రకటించిరి. ఇవి నాళముతోపాటు వంగి, నడుమనే నిలిచి, గోడను ఇరుప్రక్కల సమముగా మిగుల్చుటకు తోడ్పడును. అయితే ముందు సూచన లేకుండ లోపలనే విరుగు ప్రమాదము వీనికి కలదు.

మరి సన్నని ఫైలే మేలా? అదియు కాదు. నాళము మరీ ఇరుకైనచో మందునీరు కొనవరకు చేరదు; క్రిములు మిగిలిపోవును. శుభ్రపడునంత కోయుట, నిలుచునంత మిగుల్చుట, ఈ రెంటి నడుమనే వైద్యుని నేర్పు ఉన్నది.

గుజ్జు పోయిన పంటిలో డెంటిన్ మరల పెరుగదు. కావున పోటు తగ్గినదని చికిత్సను నడుమ మానరాదు. వైద్యుడు తొడుగు వేయించుకొనుమన్నచో జాగు చేయరాదు. పలుచబడిన గోడకు అదియే కాపు.