కాంప్లిమెంట్ - ఎప్పుడూ ఆన్‌లో ఉండే ఇంజన్, దాని బ్రేకులు

పోయిన ఎపిసోడ్‌లో యాంటీబాడీల గురించి మాట్లాడుకున్నాం. ఈరోజు వాటికి తోడుండే కాంప్లిమెంట్ గురించి చెప్తాను. చీర బాగుందని ఇచ్చే కాంప్లిమెంట్ కాదండీ ఇది. పలకడం ఒకటే, ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో ఒక్క అక్షరం తేడా. దీనికి ‘పూర్తి చేసేది’ అని అర్థం.

ఆ పేరు ఎందుకంటే, 1890ల్లో జూల్స్ బోర్డే అనే బెల్జియం శాస్త్రవేత్త ఒక సంగతి గమనించారు. యాంటీబాడీలున్న సీరం బ్యాక్టీరియాని చంపుతుంది. దాన్ని 56 డిగ్రీల దాకా వేడి చేస్తే చంపడం మానేస్తుంది. అందులో కాస్త తాజా సీరం, అసలు ఆ యాంటీబాడీలే లేని జంతువుది కలిపినా సరే, మళ్ళీ చంపుతుంది. అంటే యాంటీబాడీ ఒక్కటే చాలదు, వేడికి చెడిపోయేది ఇంకేదో పనిని పూర్తి చేస్తోందన్నమాట. ఆయనకి 1919 సంవత్సరపు నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు మనకి తెలిసిందేంటంటే, అది ఒక్క పదార్థం కాదు, 30కి పైగా ప్రోటీన్ల బృందం. ఎక్కువ భాగం లివర్లో తయారవుతాయి. అన్నిటికీ నడిమధ్యలో ఉండేది సి3.

నేను రక్తవ్యాధుల డాక్టర్ని. కాంప్లిమెంట్ అనగానే నాకు గుర్తొచ్చేది పుస్తకం కాదు, ఒక మనిషి. చాలా ఏళ్ళ కిందటి మాట. ముప్ఫై ఏళ్ళు కూడా నిండలేదు, భార్యతో వచ్చాడు. "పొద్దున్నే మూత్రం కాఫీ డికాక్షన్‌లా వస్తుంది సార్, మధ్యాహ్నానికి మామూలైపోతుంది" అన్నాడు. ఏడాదిగా రాళ్ళన్నారు, ఇన్ఫెక్షన్ అన్నారు, ఎన్నో కోర్సుల యాంటీబయాటిక్స్ వాడాడు. హీమోగ్లోబిన్ ఆరుకి పడిపోయింది. మూత్రాన్ని మైక్రోస్కోప్ కింద చూస్తే ఎర్ర కణాలు లేవు, కానీ ఆ రంగు హీమోగ్లోబిన్‌దే. అంటే కణాలు రక్తనాళాల్లోనే పగిలిపోతున్నాయి. పగలగొడుతున్నది ఎవరో కాదు, అతని సొంత కాంప్లిమెంటే.

ఎందుకలా? ఇక్కడే అసలు విషయం ఉంది. సిగ్నల్ దగ్గర ఆగిన ఆటోని చూడండి. ఇంజన్ ఆఫ్ చేయడు, బ్రేకు మీద కాలు పెట్టి ఉంటాడు. లైటు మారగానే దూకాలి కదా! సి3 కూడా అంతే. శత్రువు ఉన్నా లేకపోయినా రక్తంలో కొద్దికొద్దిగా తనంతట తానే రగులుతూ ఉంటుంది. అందులోంచి వచ్చే సి3బి అనే ముక్క దగ్గర్లో ఏది దొరికితే దానికి అతుక్కుంటుంది. మనదా, పరాయిదా అని చూడదు. అతుక్కున్నది ఇంకో నాలుగు సి3లని తెగ్గొట్టిస్తుంది, అవి ఇంకొన్నిటిని. చివర్లో సి5 నుంచి సి9 దాకా కలిసి కణం పొరకి చిల్లు పెడతాయి.

మరి మన కణాలు ఎలా బతుకుతున్నాయి? బ్రేకుల వల్ల. రక్తంలో తిరిగే బ్రేకు ఫ్యాక్టర్ హెచ్. మన కణాల మీదుండే సియాలిక్ యాసిడ్‌ని ఆనవాలు పట్టి అక్కడ వాలుతుంది. దాని సాయంతో ఫ్యాక్టర్ ఐ కత్తెరలాగా సి3బిని కోసేస్తుంది. కణం మీదే బిగించిన బ్రేకులు ఇంకో రెండున్నాయి. సిడి55 ఆ గొలుసుని మొదట్లోనే విడగొడుతుంది, సిడి59 చివర్లో చిల్లు పడకుండా ఆపుతుంది.

మా పేషెంట్ ఎర్ర కణాల్లో చాలావాటి మీద ఈ రెండూ లేవు. రెండిటినీ కణానికి తగిలించే కొక్కెం ఒకటే. ఎముక మజ్జలోని ఒక మూలకణంలో పిగ్-ఏ అనే జన్యువు పాడైంది, ఆ కొక్కెం తయారవలేదు. దాని సంతానమంతా బ్రేకులు లేని కణాలే. ఈ జబ్బుని పీఎన్‌హెచ్ అంటారు. ఫ్లో సైటోమెట్రీ పరీక్షలో తేలిపోతుంది. కణాలు రోజంతా పగులుతూనే ఉంటాయి, రాత్రంతా మూత్రం చిక్కబడుతుంది కాబట్టి పొద్దున రంగు కనిపిస్తుంది. రక్తహీనత కన్నా భయపెట్టేది రక్తం గడ్డలు, ముఖ్యంగా పొట్టలోని సిరల్లో. చాలామంది ప్రాణాలు తీసేది అదే.

ఇదంతా విని అతని భార్య ఒకటే అడిగింది: "మా పాపకి వస్తుందా సార్?" రాదమ్మా అన్నాను. ఇది పుట్టాక మజ్జలో జరిగిన మార్పు, వంశంలో వచ్చింది కాదు. అంతవరకూ అత్తగారు కోడలి చేతి వంటనీ, కోడలు అత్తింటి వంశాన్నీ అనుమానించుకుంటూ ఉన్నారట! తర్వాత అతనికి అన్నయ్య మజ్జ సరిపోయింది, మార్పిడి చేశారు. ప్రమాదం ఉన్న వైద్యమే, కానీ గట్టెక్కాడు.

2007లో ఎక్యులిజుమాబ్ అనే మందుకి అమెరికాలో అనుమతి వచ్చింది. సి5ని పట్టుకుని ఆపేస్తుంది. కణాలు పగలడం తగ్గుతుంది, గడ్డలూ తగ్గుతాయి. చాలా ఖరీదైన మందు, సందేహం లేదు. ఇంకో మెలిక ఉంది. మెనింజైటిస్ తెచ్చే మెనింగోకాకస్‌ని చంపడానికి సి5 చాలా అవసరం. అందుకే వీలైతే మందుకి కనీసం రెండు వారాల ముందే టీకాలు వేస్తారు. టీకా వేసుకున్నా, ఆ మందు మీద ఉన్న మనిషికి జ్వరం వస్తే ఇంట్లో పారాసిటమాల్ వేసుకుని కూర్చోకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

బ్రేకు ఎక్కడ పోతే జబ్బు అక్కడ. ఫ్యాక్టర్ హెచ్‌లో లోపం ఉంటే కిడ్నీలోని సన్నటి నాళాలు దెబ్బతింటాయి, అది ఎటిపికల్ హెచ్‌యూఎస్. మన దేశంలో ఈ జబ్బుతో వచ్చే పిల్లల్లో సుమారు సగం మందిలో జన్యువు బాగానే ఉంటుంది, ఫ్యాక్టర్ హెచ్ మీదే శరీరం యాంటీబాడీలు తయారుచేస్తుంది. త్వరగా కనిపెట్టి ప్లాస్మా మార్పిడి చేసి, ఆ యాంటీబాడీలని అణిచే మందులిస్తే చాలామందికి కిడ్నీలు దక్కుతాయి. పిల్లవాడు ఉన్నట్టుండి పాలిపోయి, మూత్రం తగ్గి, ప్లేట్‌లెట్లు పడిపోతే ఒక్కరోజు కూడా ఆగొద్దు.

‘ఇమ్యూనిటీ పెంచుకోండి’ అని రోజూ వింటుంటాం. పెంచడం ఒక్కటే ఆరోగ్యం కాదండీ, సమయానికి ఆపగలగడం కూడా ఆరోగ్యమే. పొద్దున మూత్రం నల్లగా వస్తోందని ఎవరైనా అంటే నీళ్ళు తాగమని చెప్పి ఊరుకోకండి, రక్తపరీక్షకి పంపండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. నమస్కారం.