అంగడి లేని వర్తకులు – అమ్మకపు పన్ను



పన్ను అను మాట మన సీమకు క్రొత్త కాదు. నిజాము ప్రభుత్వకాలమున రాజ్యపు సరిహద్దు దాటి వచ్చు సరకుపై కరోడ్‌గిరి వారు సుంకము పుచ్చుకొనెడివారు. బండి నాకా కడ ఆగెడిది. మూట విప్పి చూచెడివారు. సొమ్ము చెల్లించి బండివాడు సాగిపోయెడివాడు. భారమే యైనను అది కంటికి కనబడు భారము. నేడు నేను మనవి చేయబూనినది కంటికి కనబడని నాకాను గూర్చి.

అంగడి లేని వర్తకులు నేడు మన యూళ్ళలోను పుట్టుచున్నారు. సిరిసిల్ల మగ్గముల చీరలు తెచ్చి, కొంగునకు కుచ్చులు కట్టి, సెల్‌ఫోనులో బొమ్మ పెట్టి అమ్ముటకు ధర్మపురిలో ఒక యింటి వసారా చాలును. అంతర్జాలపు అంగడి నడుపు పెద్ద సంస్థ కొనువారిని చూపును, సరకును మోసికొనిపోవును, రొక్కము వసూలుచేసి తన రుసుము మినహాయించుకొని తక్కినది బ్యాంకులో జమకట్టును. బీడీల చేటను ఒడిలో నిడుకొని దినమంతయు వంగి కూర్చుండు కోరుట్ల, జగిత్యాల స్త్రీలకు సయితము ఇది మరియొక త్రోవ కావచ్చును. కావుననే ఈ త్రోవకు అడ్డమేమున్నదో చూడవలసియున్నది.

2017 జూలై 1వ తేదీనుండి దేశమంతట వస్తుసేవల పన్ను, అనగా జీఎస్టీ, అమలులోనికి వచ్చినది. సాలుకు 20 లక్షల రూపాయలకు మించని అమ్మకము గల చిన్న వర్తకుడు రిజిస్టరు కానక్కరలేదని అందొక హద్దు కలదు. 2019లో సరకులమ్మువారికి అనేక రాష్ట్రములు ఆ హద్దును 40 లక్షలకు పెంచుకొన్నవి. తెలంగాణము 20 లక్షల కడనే నిలిచినది. ఇట్టి సంస్థల ద్వారా అంతర్జాలమున సరకమ్మువారికి మాత్రము ఆ 20 లక్షల నీడయు లేకపోయెను. మొదటి రూపాయి అమ్మకమునకే రిజిస్ట్రేషను తప్పనిసరి. ఆరేండ్లకు పైగా ఇట్లు జరిగిన పిమ్మట 2023 అక్టోబరు 1నుండి కొంత సడలింపు వచ్చినది. పాన్ కార్డు గలిగి, జీఎస్టీ కార్యాలయపు నమోదు సంఖ్య పొంది, ఒకే రాష్ట్రమునుండి, ఆ రాష్ట్రము లోపలనే అమ్ముకొనువారికి సాధారణపు హద్దు వర్తించునని చెప్పిరి.

ఆ “రాష్ట్రము లోపలనే” అను షరతే నేటి నాకా.

మన యీ ప్రాంతమునుండి ఎన్ని నేతకుటుంబములు బ్రతుకుతెరువునకై భీవండికి, షోలాపురమునకు, సూరతునకు పోయినవో మీకు నేను చెప్పనక్కరలేదు. మన చీర సొగసు తెలిసి ముందుగా కొనగోరువారు వారే. ధర్మపురి గృహిణి యొకతె సాలుకు మూడు లక్షల చీరలమ్మునని యనుకొందము. అవి యన్నియు జగిత్యాలకు, హైదరాబాదునకు పోయినంతవరకు ఆమెకు రిజిస్ట్రేషను అక్కరలేదు. అందొక్క చీర ఆ సంస్థ ద్వారా భీవండిలోని మేనత్తకు పోవలెనన్న ఆమె ముందుగా రిజిస్టరు కావలెను. అయిన పిమ్మట పన్ను ఆ యొక్క చీరకే కాదు. పొరుగింటివారికి అమ్మిన చీరకును పడును.

పన్ను మొత్తము గొప్పదని నేననను. చీరకు నూటికి 5 రూపాయలు. ఆమె 800 రూపాయలకు చీర కొనునప్పుడు 40 రూపాయల పన్ను ఇచ్చియుండును. 1000కి అమ్మి 50 వసూలు చేసిన, ముందిచ్చిన 40 పోను సర్కారునకు కట్టవలసినది 10 మాత్రమే. సంస్థవారు నూటికి అర్ధరూపాయి చొప్పున పట్టి ఆమె పేర జమకట్టుదురు. అదియు ఆమె లెక్కలోనికే వచ్చును. 2018లో ఒక రూపాయిగా నున్న యీ పట్టుబడిని 2024 జూలైలో అర్ధరూపాయికి తగ్గించిరి. కష్టమంతయు కాగితములలోనున్నది. అమ్మకము లేని కాలమునకును లెక్క దాఖలు చేయవలెను. గడువు దాటినచో ఏ అమ్మకమును లేనివారికి దినమునకు 20 రూపాయలు, ఇతరులకు 50 రూపాయలు ఆలస్యపు రుసుము; దానికొక గరిష్ఠ పరిమితి యున్నదనుట కొంత ఊరట. మూడు లక్షల వ్యాపారమునకు లెక్కలు వ్రాయువానిని పెట్టుకొన్నచో మిగులునదేమి?

జగిత్యాల బజారులో అద్దె కట్టి అంగడి పెట్టిన బట్టల వర్తకునికిని ఒక న్యాయమున్నది. తాను పన్ను కట్టుచుండగా, అదే చీరను ఫోనులో పన్ను లేక అమ్మిన తనకు బేరము తగ్గునని ఆయన అనును. ఆ మాట త్రోసివేయదగినది కాదు. అయితే ఆ న్యాయము పెద్ద అమ్మకందార్లకు వర్తించునది. మూడు లక్షల గృహిణిపై దానిని మోపుట నాకు సరిగా తోచదు.

అమెరికా దేశమునందును ఇదే తగవు నడచినది. పొరుగు రాష్ట్రమునుండి అంతర్జాలమున అమ్మువారు అమ్మకపు పన్ను వసూలు చేయవలెనా యను వ్యాజ్యమున, 2018 జూన్ 21న అక్కడి సుప్రీంకోర్టు దక్షిణ డకోటా రాష్ట్రమునకు అనుకూలముగ తీర్పు చెప్పినది. కాని ఆ రాష్ట్రపు చట్టము ఏటా లక్ష డాలర్ల సరకో, రెండువందల బేరములో మించినవారినే పట్టుకొన్నది. 2023లో బేరముల లెక్కను కూడ తీసివేసిరి. అక్కడ సరిహద్దు దాటిన చిన్నవానికి హద్దు నీడ దొరకినది. ఇక్కడ సరిహద్దు దాటుటయే నీడను పోగొట్టుచున్నది. ప్రతి బేరపు లెక్కయు సంస్థవారి పుస్తకములలో నుండగా, 20 లక్షల హద్దును రాష్ట్రము వెలుపలి అమ్మకమునకును వర్తింపజేసినచో సర్కారు కన్నుగప్పుటకు తావెక్కడిది?

2025 సెప్టెంబరు 3న జీఎస్టీ మండలి, ఈ సంస్థల ద్వారా పలు రాష్ట్రములలో అమ్ము చిన్నవారికి రిజిస్ట్రేషను సులభము చేయు పద్ధతికి సూత్రప్రాయముగ సమ్మతించినది. ఇది వ్యాపారస్థలము చూపుటలోని చిక్కును తగ్గించుటకు ఉద్దేశించినది. పన్ను హద్దును మార్చునది కాదు.

వ్యాపారస్థలమన్నచో మీకే ఒక మాట చెప్పవలసియున్నది. ఇంటిలో వర్తకము చేయు కోడలికి రిజిస్ట్రేషను కావలెనన్న, ఇల్లు మామగారి పేర నున్నప్పుడు ఆయన సమ్మతిపత్రమును, ఇంటిపన్ను రసీదో కరెంటు బిల్లో అట్టి ఆధారమును జతపరుపవలెను. చేవ్రాలు పెట్టిన ఇల్లు చేజారునని కొందరు వెనుదీయుదురు. ఆ పత్రము ఇంటిపై హక్కును మార్చునది కాదు. ఈ చోట వర్తకము జరుపుకొనుటకు నాకు సమ్మతమని తెలుపునది మాత్రమే. చదివించుకొని వినుడు, అందు అంతకు మించిన మాట లేనిచో చేవ్రాలు చేయుడు.