వేసవి అడవిబాట



గోదావరీతీరవాసులమైన మనకు తీర్థయాత్ర కొత్త గాదు. వెల్గటూరు చుట్టుపట్ల గ్రామములవారు కోటిలింగాలలో స్నానము చేయుదురు. ధర్మపురి నృసింహస్వామిని సేవింతురు. ఈ యాత్రలకు నేడు బస్సు చాలును. అయితే మన యువకులలో మరియొక యాత్ర ప్రబలుచున్నది. వేసవి సెలవులు రాగానే వీపున మూట వేసికొని, కాలినడకన అడవులు దాటి, కొండలలోని కొలనులను, జలపాతములను చూచి వచ్చుచున్నారు. ఎండలో ఈ తిరుగుడేల యని పెద్దలు కొందరు విసుగుకొందురు. నేనట్లనను. ఇది మన పూర్వులు నడచిన త్రోవయే. కాని త్రోవతో గూడ దాని నియమమును పిల్లలకు అప్పగించుట పెద్దల విధి యని నేడు మనవి చేసెదను.

భారతమున ఆరణ్యపర్వమునందు పాండవుల తీర్థయాత్ర గలదు. బయలుదేరుటకు ముందు లోమశమహర్షి ధర్మరాజునకు ఒక హితవు చెప్పెను: పరివారమును తగ్గించుకొనుము, భారము తక్కువైనవాడే యథేచ్ఛగా నడువగలడని. ధర్మరాజు ఆ మాట పాటించి, ఆకలిదప్పులకును మార్గశ్రమకును ఓర్వలేనివారిని వెనుకకు పంపెను. ఇందు రెండు నియమములున్నవి. మోయగలిగినంత మాత్రమే కొనిపోవలెను. ఓర్వలేనివారు ఆగిపోవుట చిన్నతనము గాదు.

మన తెలుగునేలపై ఇట్టి యాత్రకు చక్కని ఉదాహరణము సలేశ్వరము. అది నాగర్‌కర్నూలు జిల్లాలో, నల్లమల నడుమ నున్న లోతైన లోయ. హైదరాబాదునుండి శ్రీశైలము పోవు బాటలో మన్ననూరు దాటిన పిమ్మట ఫరహాబాదువద్ద అడవిలోనికి తిరుగవలెను. రాంపూరు పెంటవరకు బండ్లు పోవును. పెంట యనగా చెంచుల చిన్న పల్లె. అటుపైన రాళ్లబాటపై కాలినడకయే. చైత్రపూర్ణిమకు కొద్దిదినములు మాత్రము జాతర జరుగును; వేలకొలది జనము లోయలోనికి దిగి, గుహలోని లింగమయ్యను దర్శింతురు. అర్చకులు చెంచులే.

నల్లమల, బ్రెజిలు దేశపు వానయడవులవలె ఏడాది పొడవునా పచ్చగా నుండునది గాదు. వేసవి రాగానే ఆకు రాల్చును. అయినను చైత్రమున, చుట్టును మోడులు నిలిచియుండగా, ఆ లోయలో కొండకొమ్మునుండి చల్లని నీరు గుండములోనికి జారుచునే యుండును. ఈ నీరెక్కడిది? శ్రావణ భాద్రపదములలో కురిసిన వాన రాలిన ఆకులలోను, వేళ్లనడుమను నిలిచి, రాతిచీలికలలోనికి మెల్లగా దిగి, నెలల తరువాత ఊటగా వెలువడును. చెట్టులేని బోడికొండపై పడిన వాన చాలవరకు అప్పటికప్పుడే వాగై పారిపోవును. మన యింట గుమ్మి యెట్లు వానకాలపు ధాన్యమును వేసవికి దాచునో, అడవి నీటి నట్లు దాచును. గుమ్మికి నిప్పు పెట్టి గింజ లడుగువాడుండునా?

అయినను యాత్రికులలో కొందరు చేయుచున్నది అట్టిదే. ఎండుటాకుల నడుమ ఆరని చుట్ట పారవేయుదురు. వేసవిలో అడవికి నిప్పంటుట చాలమట్టుకు మనుష్యుల వలననే. తాగిన సీసాలను, తిన్న సంచులను బాటవెంట విడుతురు. ఉప్పు తగిలిన ఆ సంచులను జింకలు మ్రింగును. 1983లో నల్లమల పులుల రక్షితప్రాంతమైనది. రాష్ట్రవిభజన పిదప తెలంగాణ భాగమునకు అమ్రాబాదు పేరు వచ్చెను. దాని విస్తీర్ణము 2,600 చదరపు కిలోమీటర్లకు పైమాట. వేసవిలో మృగములకును దిక్కైనవి ఆ కొద్ది నీళ్లే. మనము అతిథులము, మృగములును చెంచులును ఇంటివారు. అతిథి యింటివారి కుండ పగులగొట్టరాదు గదా!

పరదేశపు పద్ధతియు నొకటి వినుడు. అమెరికాలో సియాటిల్ నగరప్రాంతమున మన తెలుగువారు పెక్కుమంది యున్నారు. ఆ నగరమునకు పడమట ఒలింపిక్ పర్వతములు గలవు. అచటి హో నదీలోయ శీతలదేశపు వానయడవి. మన జగిత్యాల ప్రాంతమున ఏడాదికి సుమారు 40 అంగుళముల వాన కురియగా, అచట సుమారు 140 అంగుళములు కురియును. చెట్ల కొమ్మలనుండి నాచు జడలవలె వ్రేలాడును. ఆ యడవులకు పైన, పూర్వము మంచునదులు తొలిచిన గుంటలలో కరిగిన మంచునీరు నిలిచి కొలనులైనవి. అచట రాత్రులు గడుపుచు నడువగోరువారు ముందుగా అనుమతిపత్రము పొందవలెను. కొలనుల ప్రాంతమున ఎలుగుబంటి తెరువలేని గట్టి డబ్బాలో ఆహారము దాచవలెను. తెచ్చిన చెత్తనంతయు తిరిగి మోసికొనిపోవలెను. లోమశుని హితవునకు ఇది అనుబంధము వంటిది: తేలికగా పోవుటయే గాక, ఏమియు విడువక రావలెను.

కావున పెద్దలారా, పిల్లలను ఆపకుడు. నియమము చెప్పి పంపుడు. గుడ్డసంచి, నీళ్లకు లోహపుపాత్ర ఇండ్లనుండియే ఇయ్యుడు. అడవిలో నిప్పు ముట్టింపవద్దనుడు. గుండములో సబ్బు వాడవద్దనుడు. త్రోవ తెలిసిన చెంచువాని మాట మీరవద్దనుడు. గుండెజబ్బు, ఆయాసము గలవారు జాతరనాటి ఇరుకుబాటలలో దిగరాదు. ఇంటనుండి మ్రొక్కినను లింగమయ్యకు ముట్టును.

ఇది దూరపు కొండల కథ యని తలపకుడు. రాయపట్నము వంతెన దాటి మన్యెము వైపు పోయినచో, 2012లో పులుల రక్షితప్రాంతమైన కవ్వాల్ అడవులు వచ్చును. ఆ వైపునుండి నీరు తెచ్చు కడెము ఎగువన గోదావరిలో కలియును. కోటిలింగాలలో మనము దోసిట పట్టు నీటిలో ఆ యడవి పాలును గలదు. మన మనుమలు అడవిలో నెట్లు నడతురో, వారి మనుమల దోసిలి అట్లు నిండును.

సెలవు.