నెలసరి ఆగే వయసులో ఎముకలు, గుండె

మన దేశంలో ఆడవాళ్లకు నెలసరి సాధారణంగా 46, 47 ఏళ్ల ప్రాంతంలో ఆగిపోతుంది. ఆ మార్పుతో పాటే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ బాగా తగ్గిపోతుంది. ఎముకలో పాతది కరగడం, కొత్తది కట్టుకోవడం నిత్యం జరిగేదే. ఆ కరిగే వేగాన్ని అదుపులో ఉంచేది ఈస్ట్రోజెనే. అది తగ్గితే ఎముక గుల్లబారుతుంది. నొప్పి ఉండదు కనుక మణికట్టో తుంటో విరిగేదాకా చాలామందికి తెలియదు. చెడు కొలెస్ట్రాల్ పెరిగేదీ, రక్తనాళాలు బిరుసెక్కేదీ ఈ దశలోనే.

మన రెండు తెలుగు రాష్ట్రాల సంగతి మరీ బాధాకరం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. దాంతోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. అది ముప్పై ఐదేళ్లకే జరిగితే, ఎముకకూ గుండెకూ ఈస్ట్రోజెన్ అండ అప్పుడే పోతుంది.

అమ్మా, ఎవరైనా గర్భసంచి ఆపరేషన్ అంటే ముందు రెండో డాక్టరుకు చూపించుకోండి. అండాశయాలు ఉంచవచ్చా అని గట్టిగా అడగండి. ఇప్పటికే అయిపోయినవాళ్లు బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ పరీక్షలు మానకండి. ఎముకల బలం తెలుసుకోవడానికి డెక్సా స్కాన్ అవసరమా అని డాక్టరును అడగండి. రాగులు, నువ్వులు, పెరుగు, కాస్త ఎండ, రోజూ చురుకైన నడక ఈ రోజు నుంచే మొదలుపెట్టండి.