తలా ఒక మాట



తలా ఒక చెయ్యి వేస్తే ఎంత బరువైనా లేస్తుంది. మరి తలా ఒక మాట చెబితే ఏమవుతుంది? కెన్యా దేశం కథ వింటే తెలుస్తుంది.

కెన్యా ఆఫ్రికా ఖండంలో ఉంది. దాని రాజధాని నైరోబి. 2007 డిసెంబరు 27న అక్కడ ఎన్నికలు జరిగాయి. మూడు రోజుల తరవాత ఫలితం చెప్పారు. మవాయ్ కిబాకీ మళ్లీ అధ్యక్షుడయ్యారు. లెక్కింపులో మోసం జరిగిందని రైలా ఒడింగా పక్షం వారు అన్నారు. గొడవలు మొదలయ్యాయి. నిన్నటిదాకా ఇరుగుపొరుగుగా బతికిన వాళ్లే తెగల పేరు చెప్పి కొట్టుకున్నారు. ఇళ్లు తగలబెట్టారు. వెయ్యి మందికి పైగా చనిపోయారు. లక్షల మంది ఇల్లూ వాకిలీ వదిలి పారిపోయారు.

అదే సమయంలో ప్రభుత్వం రేడియో, టీవీలలో ప్రత్యక్ష ప్రసారాలు ఆపించింది. ఎక్కడ ఏం జరుగుతోందో జనానికి సరిగా తెలియలేదు. నిజం నోరు మూస్తే పుకారుకు కాళ్లొస్తాయి. అక్కడా అంతే అయింది.

ఓరీ ఒకొల్లో అనే ఆమె న్యాయశాస్త్రం చదువుకున్నారు. 2008 జనవరి మొదట్లో ఆమె ఒక మాట అన్నారు. "జరిగినవన్నీ పటం మీద గుర్తు పెడితే బాగుండును. ఆ పని చేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అన్నది ఆ మాట సారం. కంప్యూటరు పని తెలిసిన కొందరు ముందుకొచ్చారు. కొద్ది రోజుల్లోనే ఆ ఏర్పాటు తయారైంది. దానికి ఉషాహిదీ అని పేరు పెట్టారు. స్వాహిలీ భాషలో ఆ మాటకు సాక్ష్యం అని అర్థం.

అది ఎలా పని చేసింది? చూసినవాళ్లు ఫోనులో నాలుగు ముక్కలు రాసి పంపేవారు. లేదా కంప్యూటరులో రాసేవారు. ఏ ఊరు? ఎప్పుడు? ఏం జరిగింది? ఆ సంగతి కెన్యా పటం మీద ఒక గుర్తుగా కనిపించేది.

ఇలా ఒక పెద్ద పనిని చాలా మంది తలా కొంచెం చేయడాన్ని క్రౌడ్‌సోర్సింగ్ అంటారు. పేరు కొత్తది. పద్ధతి పాతదే.

మరి ఎవరైనా అబద్ధం రాస్తే? మంచి ప్రశ్నే. అందుకే వచ్చిన మాటను సరిచూడాలి. అదే సంగతి ఇంకొకరు కూడా చెప్పారా? ఆ చోట పనిచేసే సంఘాలవారు అవునన్నారా? తేలిన దాన్ని తేలిందని, తేలని దాన్ని తేలలేదని చెప్పాలి. లేకపోతే సాక్ష్యానికీ పుకారుకూ తేడా ఉండదు.

తరవాత ఈ పద్ధతిని ఇతర దేశాలవారు కూడా వాడుకున్నారు. 2010 జనవరి 12న హైతీ దేశంలో పెద్ద భూకంపం వచ్చింది. కొద్ది రోజుల్లోనే 4636 అనే నంబరు పెట్టారు. సాయం కావలసినవాళ్లు దానికి మెసేజి పంపారు. వాళ్లు రాసింది తమ సొంత భాషలో, క్రియోల్‌లో. సాయానికి వచ్చిన విదేశీయుల్లో చాలామందికి ఆ భాష రాదు. అప్పుడు పరదేశాల్లో ఉన్న హైతీ వాళ్లు రాత్రింబగళ్లు కూర్చుని వాటిని ఇంగ్లీషులోకి మార్చారు. ఆ వీధులు వాళ్లు పుట్టి పెరిగినవే. కాబట్టి ఏ మెసేజి ఏ చోటునుంచి వచ్చిందో కూడా చెప్పగలిగారు.

చూశారా? సొంత భాషలో రాసిన నాలుగు ముక్కలు కూడా ఎంత పని చేశాయో!

అయితే మూడు సంగతులు మరవకూడదు. ఒకటి, పటం మంటలు ఆర్పదు. మాట విన్నవాళ్లు కదలాలి. రెండు, చెప్పినవాళ్ల పేరు బయటపడితే వాళ్లకే ముప్పు రావచ్చు. పేరు దాచడం అడిగినవాళ్ల బాధ్యత. మూడు, ఫోను లేనివారి మాట, చదువు రానివారి మాట ఆ పటంలోకి అంత తేలిగ్గా రాదు. గుర్తు లేని చోట కష్టం లేదనుకుంటే పొరపాటు.

ఫోను ఇంట్లో మగవాళ్ల చేతిలోనే ఉంటే, ఆ ఇంటి ఆడవాళ్ల సాక్ష్యం ఎవరు రాస్తారు?

అక్షరం నేర్చుకున్న చెయ్యి సంతకంతో ఆగకూడదు. బోరింగు పాడైందా? రేషను తక్కువ తూచారా? ఏ ఊరు, ఏ రోజు, ఏం జరిగింది అని చూసింది చూసినట్టు రాయాలి. ఒకరు రాస్తే అది ఫిర్యాదు. పదిమంది రాస్తే అది సాక్ష్యం.